గోళ్లు కొరకడం మాన్పించడానికి హిప్నాసిసా, అలవాటు మార్పిడి శిక్షణా?

గోళ్లు కొరకడం చాలావరకు మనకు తెలియకుండానే జరిగిపోతుంది కాబట్టి, దాన్ని మాన్పించే పద్ధతి ఏదైనా ఆ తెలియనితనం దగ్గరే మొదలుకావాలి. హిప్నాసిస్‌లో చికిత్సకులు శ్వాస మీదనో, ఊహించుకున్న ఒక దృశ్యం మీదనో దృష్టిని నిలిపించి, పరిసరాల ధ్యాస తగ్గిన తరువాత, ‘వేలు పెదవిని తాకగానే మీకు తెలుస్తుంది, చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంది’ వంటి సూచనలు ఇస్తారు. 1840లలో స్కాట్లండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ దీన్ని నాడీవ్యవస్థకు సంబంధించిన ఒక రకం నిద్రగా వర్ణించినా, ఆ స్థితిలో మనిషి మేలుకునే ఉంటాడు, ఇష్టంలేని సూచనను తోసిపుచ్చగలడు. సుప్తచేతనను పలక తుడిచినట్టు తుడిచి కొత్త అలవాటు రాసేస్తారన్న ప్రచారం (ప్రకటనల్లో ఇదే ఎక్కువ) అతిశయోక్తి.

1973లో మనస్తత్వవేత్తలు అజ్రిన్, నన్ ప్రతిపాదించిన అలవాటు మార్పిడి శిక్షణ మెలకువనే నమ్ముకుంటుంది. చెయ్యి పైకి లేచే తొలి కదలికను పసిగట్టడం, వెంటనే పిడికిలి బిగించి కోరిక తగ్గేదాకా అలాగే ఉంచడం ఇందులో ముఖ్యం. విసుగు పుట్టించే సాధనే అది.

సూచనలకు స్పందించే గుణం అందరిలో ఒకేలా ఉండదు. పొగతాగడం మాన్పించడంలో హిప్నాసిస్ ఇతర పద్ధతులకన్నా మెరుగని చెప్పేందుకు వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్షకు తగిన ఆధారాలు దొరకలేదు. అందుకే నా మొగ్గు శిక్షణవైపే; ఆందోళనతో అలవాటు ముదిరేవారు దానికి తోడుగా హిప్నాసిస్‌ను ప్రయత్నించవచ్చు.