ఉగ్రవాద సంస్థల కాగితాలపై ప్రాజెక్టు: ఫారాలా, ఉత్తరాలా, బిల్లులా – ఏది మేలు?

నాగార్జున యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేసేవాళ్లయినా, విజయవాడలో గ్రూప్-1కి అంతర్గత భద్రత చదివేవాళ్లయినా, ఉగ్రవాద సంస్థ మీద రాయమంటే దాడుల జాబితా రాసేస్తారు. తేదీ, ఊరు, మృతుల సంఖ్య. దానికి పాత పేపర్లు తిరగేస్తే చాలు. సంస్థ లోపల రోజువారీ పని ఎలా సాగిందో తెలియాలంటే అది రాసుకున్న కాగితాలే చూడాలి. చాలావరకు ఇంగ్లీషు అనువాదాలతో సహా ఉచితంగానే దొరుకుతున్నాయి. ఏ కట్టతో మొదలుపెట్టాలన్నదే చిక్కు. చేరినవాళ్లు నింపిన ఫారాలు ఒక కట్ట, నాయకుల ఉత్తరాలు ఇంకోటి, ఖర్చుల చీటీలు మూడోది. రెండు నెలల్లో తేల్చాలంటే ఫారాలు మేలు. సంస్థ నిజంగా అర్థం కావాలంటే చీటీలకు సాటి లేదు. ఉత్తరాలంటే అందరికీ మోజు, అక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

ఫారాలు

ఇరాక్‌లోని అల్ ఖైదాలో చేరడానికి వచ్చిన విదేశీయుల ఫారాలు 2007 అక్టోబరులో సిరియా సరిహద్దుకు దగ్గర్లో, సింజార్ అనే ఊరి వద్ద అమెరికా సేనల చేతికి చిక్కాయి. వీటినే సింజార్ రికార్డులంటారు. ఆ డిసెంబరులోనే అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ అధ్యయన కేంద్రం వాటిని బయటపెట్టింది. మొత్తం 700 దాకా ఉన్నాయి. ఖాళీవి, రెండుసార్లు వచ్చినవి తీసేస్తే 606 మిగిలాయి. పేరు, మారుపేరు, ఊరు, ఇంటి ఫోను, ఎవరి ద్వారా వచ్చాడు, వెంట ఎంత డబ్బు తెచ్చాడు వంటి గడులు వాటిలో కనిపిస్తాయి. దేశం పేరు రాసినవాళ్లు 595 మంది. వాళ్లలో సౌదీవాళ్లు 244, లిబియావాళ్లు 112. ఊళ్లవారీగా చూస్తే తమాషా బయటపడుతుంది: నలభై లక్షలు దాటిన రియాద్ నుంచి 51 మంది వస్తే, లక్ష జనం కూడా లేని లిబియా పట్నం దెర్నా నుంచి 52 మంది వచ్చారు. బంధువులు, స్నేహితులు, ఒకే వీధివాళ్లు గుంపుగా కదిలితే తప్ప ఇలాంటి లెక్క తేలదు. ప్రాజెక్టుకు ఈ ఒక్క పట్టిక చాలు.

రెండో ఫారాల కట్ట ఐసిస్‌ది, 2016లో బయటపడింది. సరిహద్దు దాటి వచ్చినవాడిని 23 ప్రశ్నలు అడిగారు. తల్లి పేరు, రక్తం గ్రూపు, చదువు, పూర్వం చేసిన పని, ఎవరి సిఫారసు, చెప్పిన మాట వినే గుణం ఎంత... ఆఖర్న చనిపోయిన తేదీ, చోటు రాయడానికి గడి. వచ్చిన రోజున ఎలాగూ అది ఖాళీగానే ఉంటుంది. మనిషిని చేర్చుకునే నాడే అతని చావుకు గడి గీసిపెట్టారు. వెస్ట్ పాయింట్ కేంద్రం వీటిలో 4,600 పైచిలుకు లెక్కించింది.

రెండు కట్టల్నీ పక్కపక్కన పెడితే మంచి అంకె ఒకటి వస్తుంది. సింజార్ ఫారాల్లో, సంస్థలో తాను చేయబోయే పని ఏదో రాసినవాళ్లలో 56 శాతం ఆత్మాహుతికి సిద్ధమన్నారు. ఐసిస్ ఫారాల్లో అలా రాసినవాళ్లు 12 శాతమే. రెండోది ఊళ్లు పట్టుకుని ఏలాలనుకున్న సంస్థ కాబట్టి దానికి సిపాయిలూ గుమాస్తాలూ కావాలి. అయితే ఇక్కడే లెక్క తప్పుతారు. సింజార్‌లో ఆ గడి నింపినవాళ్లు 376 మంది, ఆ శాతం వాళ్లలోనిది. దాన్ని 606కు అంటగడితే అంకె పెరిగిపోతుంది. ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఖాళీ గడిని ఖాళీగానే వదలాలి, సున్నా వేయకూడదు. ఐసిస్ ఫారాల్లో ఇస్లామిక్ క్యాలెండరైన హిజ్రీ సంవత్సరాలుంటాయి. 1435 అంటే 2013 నవంబరు నుంచి 2014 అక్టోబరు దాకా. పుట్టిన ఏడు ఒక క్యాలెండర్లో, వచ్చిన ఏడు ఇంకో క్యాలెండర్లో పెట్టి తీసివేస్తే వయసులు గల్లంతవుతాయి.

ఉత్తరాలు

2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో, అల్ ఖైదా నాయకుడు బిన్ లాడెన్ దాక్కున్న ఇంట్లో దొరికిన సరుకులోంచి ముందు 17 పత్రాలు 2012లో వచ్చాయి. 2015 నుంచి మరికొన్ని విడతలు. 2017 నవంబరులో సీఐఏ సుమారు 4,70,000 ఫైళ్లు ఒక్కసారిగా గుమ్మరించింది. ఆ కుప్ప జోలికి వెళ్లొద్దు. ఫైళ్లలో వైరస్ పూర్తిగా పోయిందని హామీ ఇవ్వలేమని ఆ సంస్థే చెప్పింది. పైగా అది ఒక ఇంటి కంప్యూటర్ల సరుకు. అందులో టామ్ అండ్ జెర్రీ కార్టూన్లు, క్రోషే అల్లికల వీడియోలు కూడా ఉన్నాయి.

ఏరి అనువదించిన ఉత్తరాలు చదవడానికి బాగుంటాయి. ఆ ఇంటికి ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు. మాట మనిషి చేతి మీదుగా వెళ్లాలి, జవాబు కూడా అలాగే రావాలి. దాంతో ఉత్తరంలో ఉన్నది నాయకుడి కోరిక మాత్రమే. అవతల అది జరిగిందో లేదో వేరే ఆధారం ఉండాలి. తొలి 17 పత్రాలు చదివిన వెస్ట్ పాయింట్ వాళ్లకు అర్థమైంది కూడా అదే: అనుబంధ సంస్థలు బిన్ లాడెన్ పట్టులో లేవు. ఉత్తరాలే నమ్ముకున్న విద్యార్థి ఆయన చేతిలోనే తాళ్లన్నీ ఉన్నట్టు రాసేస్తాడు. ఇంకో తంటా మారుపేర్లు. ‘జమరాయ్’ అన్న సంతకం బిన్ లాడెన్‌దే. పేర్ల పట్టిక పక్కన పెట్టుకోకుండా మొదలుపెడితే ఒకే మనిషి ఇద్దరైపోతాడు.

చీటీలు, పద్దులు

గుంటూరు మిర్చి యార్డులో తక్‌పట్టీ (సరుకు అమ్మకం లెక్క రాసిన చీటీ) చూసినవాళ్లకు ఈ కట్ట తేలిగ్గా ఎక్కుతుంది. సరుకు అమ్మినవాడికి, కొన్నవాడికి మధ్య నమ్మకం ఎంతున్నా చీటీ లేకపోతే తగువే. రహస్య సంస్థదీ అదే అవస్థ, ఇంకా ఘాటుగా. డబ్బు ఎక్కడో ఉన్న మనిషి చేతికిస్తారు, వాడు ఎలా ఖర్చుపెట్టాడో వెళ్లి చూడలేరు. అందుకని ఓచరు అడుగుతారు. ఆ ఓచరే రేపు పోలీసుకు సాక్ష్యం. అది తెలిసీ రాయక తప్పదు.

2001లో కాబూల్ తాలిబాన్ చేజారాక ఒక అమెరికన్ విలేఖరి అక్కడ 1,100 డాలర్లకు రెండు పాత కంప్యూటర్లు కొన్నాడు. వాటిలో, తర్వాత అల్ ఖైదా అధినేత అయిన జవాహిరీ 1999 ఫిబ్రవరిలో యెమెన్‌లోని మనుషులకు రాసిన లేఖ ఉంది. మీరు పంపింది లెక్క కాదు, లెక్కల సారాంశం, తేదీలు లేవు అంటూ మొదలవుతుంది. సెల్‌ఫోన్ బిల్లు 756 డాలర్లయితే కమ్యూనికేషన్ ఖర్చు 300 అని ఎందుకు రాశారు? 470 పెట్టి కొత్త ఫ్యాక్స్ కొన్నారు, పాతవి రెండూ ఏమయ్యాయి? కొనేముందు అనుమతి తీసుకున్నారా? ఆడిట్ అభ్యంతరం రాసే గొంతే ఇది. అల్ ఖైదా సైనిక పెద్ద మహమ్మద్ ఆతెఫ్ లేఖ ఇంకోటి: ఈజిప్టు ప్రయాణానికి 75,000 రూపాయలిస్తే 40,000కే టికెట్లు తీసి మిగతాది నొక్కేశావు, ఓచరు పెట్టలేదు, సంస్థ ఏసీ నీ సొంతం కాదు.

2013 జనవరిలో మాలీలోని టింబక్టూ వదిలి పారిపోయిన అల్ ఖైదా ఉత్తరాఫ్రికా శాఖ వంద దాటి రసీదులు వదిలేసింది. సబ్బుకు 1.80 డాలర్లు, మాకరోనీకి 8, కేకుకు 60 సెంట్లు. ఆ ఊళ్లోనే దొరికిన పది పేజీల లేఖ మాత్రం అన్నిటికన్నా విలువైంది. 2012 అక్టోబరు 3న శాఖ పెద్దలు తమ దళ నాయకుల్లో ఒకడైన మొఖ్తార్ బెల్మొఖ్తార్‌కు రాసింది. నేరాల పట్టీ 30 అంశాలు: ఫోను ఎత్తడు, సమావేశాలకు రాడు, ఖర్చుల లెక్క పంపడు, బందీగా పట్టిన కెనడా దౌత్యవేత్తను వదలడానికి 7,00,000 యూరోలకే ఒప్పుకున్నాడు. కొద్ది వారాలకే అతను విడిపోయి సొంత కుంపటి పెట్టుకున్నాడు. 2013 జనవరిలో అల్జీరియాలోని ఇన్ అమేనాస్ గ్యాస్ కర్మాగారంపై దాడి అతని గుంపుదే. సంస్థలు ఎందుకు చీలుతాయన్న ప్రశ్నకు ఈ పది పేజీలంత నేరుగా జవాబిచ్చేది ఇంకోటి లేదు.

ఇరాక్‌లోని అన్బర్ రాష్ట్రంలో దొరికిన అల్ ఖైదా పద్దులు కూడా కలిపి చదవాలి. అక్కడ సంస్థ మనిషికి మూల జీతం నెలకు 41 డాలర్ల దరిదాపుల్లో ఉంది, భార్యాపిల్లలకు అదనం. చచ్చినా జైలుకెళ్లినా ఇంటికి డబ్బు పంపేవారు. ఇంత కొద్ది జీతానికి ఆశపడి చేరారన్న వాదన ఈ పద్దుల ముందు నిలవదు.

చీటీలకూ లోపముంది. వదిలేసిపోయిన కాగితమే మన చేతికొస్తుంది. బందీల సొమ్ము కోట్లలో వచ్చినా సబ్బు బిల్లులో అది కనిపించదు. ఆదాయం రాయాలంటే వేరే ఆధారం వెతుక్కోవాల్సిందే. మన పేపర్లలో ‘డంపు దొరికింది’ వార్త చూశారుగా, తుపాకులు లెక్కపెట్టి రాసి, కాగితాల్ని ‘విప్లవ సాహిత్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చీటీలన్నీ ఆ ముక్కలోనే పోతాయి.

ఐసిస్ పాలన మీదే రాస్తామంటే అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ 2020లో బయటపెట్టడం మొదలుపెట్టిన పత్రాలున్నాయి. ఇరాక్ నుంచి న్యూయార్క్ టైమ్స్ తెచ్చిన 15,000 పేజీలకు పైబడిన కట్ట అది. అలా దేశం దాటించడం మీద గొడవ జరిగింది కాబట్టి వైవాలో ఆ ప్రశ్న ఖాయం. ఇంకొకటి, ఆ కాగితాల్లో పేరున్న ప్రతివాడూ ఉగ్రవాది కాడు. పన్ను కట్టిన రైతు ఉంటాడు, పిల్లకు జనన పత్రం తీసుకున్న తల్లి ఉంటుంది. మీ అనుబంధాల్లో ఆ పేర్లు కొట్టేసి, పత్రం నంబరు మాత్రం ఉంచండి.