చిత్తూరు నుంచి హైదరాబాద్: ఫ్లైట్ గంటా పది నిమిషాలు, ప్రయాణం ఏడున్నర గంటలు

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కూకట్‌పల్లిలో ఉండే చెల్లెలింటికి తీసకపోవాల, రాత్రంతా రైల్లో ఇబ్బంది పడుతుందిలే అని ఈసారి ఫ్లైట్ బుక్ చేసినా. తిరుపతి నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 550 కిలోమీటర్ల పైమాటే, అదే గాల్లో నేరుగా కొలిస్తే 420 దాకా ఉంటుంది అంతే, అందుకే టికెట్లో గంటా పది నిమిషాలని చూపిస్తారు.

కానీ మాది చిత్తూరు కదా. పొద్దున ఎనిమిదిన్నరకి కారెక్కి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా రేణిగుంటలో ఉండే తిరుపతి ఎయిర్‌పోర్టు చేరేసరికి పదిన్నర, అక్కడ చెక్-ఇన్, సెక్యూరిటీ, మళ్ళా వెయిటింగు, పన్నెండున్నరకి గాని ఫ్లైట్ కదల్లేదు. శంషాబాద్‌లో దిగి బ్యాగులు తీసుకుని పుష్పక్ అనే ఎయిర్‌పోర్టు బస్సెక్కి ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. ఇందులో గాల్లో ఉండింది గంట చిల్లరే.

అయినా అమ్మకి ఫ్లైటే సుఖంగా ఉండింది, అది మాత్రం గట్టిగా చెప్తా. బుకింగప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టినా, దానికి వేరే డబ్బులేం తీసుకోలేదు, గేటు దగ్గర నుంచి ఫ్లైట్ దాకా ఒక పిల్లోడు ఎంత ఓపిగ్గా తీసకపోయినాడో, అవతల దిగినాక కూడా ఇంకొకరు రెడీగా ఉన్నారు. మాది రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే చిన్న ఏటీఆర్ విమానం, సౌండ్ ఎక్కువే, కిటికీ పక్కన కూర్చుంటే కింద కొండలు బాగా కనిపిస్తాయి. ఊరగాయ మాత్రం చేతి సంచిలో పెట్టుకోవద్దండి, సెక్యూరిటీలో ఆపేసినా ఆపేస్తారు, చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి.

వచ్చేటప్పుడు కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కినాం. కర్నూలు, కడప మీదుగా వస్తుంది, చిత్తూరు దాకా అదే బండి, మారే పని లేదు. గంటలు చూస్తే ఎక్కువే గానీ రాత్రి పడుకుంటే తెల్లారిపోతుంది. లోయర్ బెర్త్ దొరికింది కాబట్టి సరిపోయింది, రాత్రిపూట బాత్రూంకి పోయేదానికి మాత్రం అమ్మ బాగా కష్టపడింది.

తిరుచానూరు అమ్మవారిని చూసుకుని పోదామనింది అమ్మ, అందుకని తిరుపతిలోనే దిగేసినాం. అక్కడే తప్పు చేసినా. యాత్రికులు ఉండేదానికి టీటీడీ వాళ్ళ రూములు స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసంలో ఉన్నాయి, ముందే చూసుకోకుండా ఒక ప్రైవేట్ లాడ్జిలో దిగినాం, నాలుగు గంటలకి రోజంతా బాడుగ తీసుకున్నారు, వేన్నీళ్ళు లేవు, లిఫ్టు పన్జెయ్యలేదు, పెద్దామెని రెండో అంతస్తు ఎక్కించినారు. డబ్బుల కంటే అదే బాధగా ఉంది నాకు.

తిరుపతి-సికింద్రాబాద్ వందే భారత్ రైలు గురించి కూడా అడుగుతుంటారు కదా, 2023 ఏప్రిల్‌లో మొదలైంది, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు మీదుగా సికింద్రాబాద్‌కి ఎనిమిది ఎనిమిదిన్నర గంటలు. తిరుపతి టౌన్లో ఉండేవాళ్ళకి మంచిదే. చిత్తూరోళ్ళం తిరుపతి దాకా పోయి అంతసేపు కూర్చోనే పోవాల, మోకాళ్ళకి అది ఇంకా కష్టం.

అమ్మతో అయితే మళ్ళా ఫ్లైటే బుక్ చేస్తా, కాకపోతే ముందురోజే తిరుపతికి వచ్చి శ్రీనివాసంలో రూమ్ దొరికితే పడుకుని పొద్దున నిదానంగా రేణిగుంట పోతాం. నేనొక్కడినే అయితే వెంకటాద్రి చాలు.