ఉప్పల్‌కు పోవాలా, నల్గొండలోనే టీవీలో చూడాలా?

హైదరాబాద్ ఐపీఎల్ క్రికెట్ జట్టు సన్‌రైజర్స్‌కు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ అనగానే మా దోస్తుల్లో ఇదే లొల్లి.

ఖర్చు: ఇంట్లో రీచార్జ్, మిర్చి బజ్జీలు, అంతే. ఉప్పల్‌లో టికెట్, రానుపోను వంద కిలోమీటర్ల చొప్పున ప్రయాణం, లోపల తిండి.

శ్రమ: రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు మధ్యాహ్నమే బయల్దేరాలి. ఎల్బీనగర్‌లో దిగి నాగోల్ మీదుగా ఉప్పల్ చేరాలి. అసలు టెన్షన్ తిరుగు ప్రయాణమే. ఆట పదకొండు దాటాక ముగుస్తుంది, గేటు దగ్గరే చాలాసేపు పడుతుంది. నార్కట్‌పల్లి మలుపు తిరిగేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోతుంది.

ఆట: ఎల్బీడబ్ల్యూనో కాదో టీవీలోనే బాగా తెలుస్తుంది. కానీ 2025 ఏప్రిల్ 12న పంజాబ్‌పై అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి, సెంచరీ కాగానే జేబులోంచి చీటీ తీసి చూపించాడే, అప్పుడు ఆ నారింజ జెండాల మధ్య నిలబడి అరవడం వేరు. 246 లక్ష్యం చిన్నదైపోయింది. అది ఏ టీవీలోనూ దొరకదు.

రిస్క్: 2024 మేలో గుజరాత్‌తో మ్యాచ్‌లా వాన మింగేస్తే ప్రయాణమంతా వృథా.

చిన్నపిల్లలున్నా, తెల్లారి డ్యూటీ ఉన్నా ఇల్లే మేలు. మర్నాడు సెలవై, హైదరాబాద్‌లో పడుకోవడానికి చుట్టాలిల్లుంటే మాత్రం ఉప్పల్‌కే పోండి.