మాడ్రిడ్‌లో కొసీదో తినబోయే తెలుగువారికి ఒక హెచ్చరిక

మాడ్రిడ్‌లోని లా లాతినా పేటలో, సంప్రదాయ స్పానిష్ కుండ వంటకాలకు పేరు పొందిన ఒక చిన్న తవెర్నాలో, అంటే పాతకాలపు భోజనశాలలో, మాకు జరిగిన మోసాన్ని, అటువైపు వెళ్లే తెలుగువారు ముందుగానే తెలుసుకోవాలన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను. మా ఫిర్యాదు ప్రస్తుతం నగర వినియోగదారుల కార్యాలయం పరిశీలనలో ఉన్నందువల్ల ఆ తవెర్నా పేరు చెప్పడం లేదు. ముఖ్యంగా శాకాహారులు, గొడ్డుమాంసం గానీ పందిమాంసం గానీ ముట్టనివారు, ఊరి నుంచి వచ్చిన పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు దయచేసి చివరివరకు చదవండి.

మాడ్రిడ్ వారు ఎంతో అభిమానంగా చెప్పుకునే వంటకం కొసీదో. రాత్రంతా నానబెట్టిన కాబూలీ శనగలను గొడ్డుమాంసం, కోడి, పందికొవ్వు, చోరీసో అనే పందిమాంసపు సాసేజీ, మోర్సీయా అనే రక్తపు సాసేజీ, హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ) ఎముక, మూలుగ ఎముకలతో కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. ముందుగా సన్న సేమియా వేసిన చారు, తరువాత శనగలు, క్యాబేజీ, బంగాళాదుంప, క్యారెట్, చివరగా మాంసాలు, ఇలా వరుసగా వడ్డిస్తారు. 1870లో మొదలైన లా బోలా అనే భోజనశాలలో నేటికీ ఒక్కొక్కరికి ఒక్కొక్క మట్టికుండలో బొగ్గుల మీద వండి పెడుతున్నారు. 1839 నాటి లార్డీ, 1895 నాటి మలాకతీన్ కూడా ఈ వంటకానికి పేరుపడ్డవే. వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజున నిప్పు ముట్టించరాదన్న నియమం ఉన్న స్పెయిన్ యూదులు ముందురోజే పొయ్యి మీద పెట్టి ఉంచిన అదఫీనా అనే శనగల కూర నుంచి ఇది పుట్టిందనీ, 1492లో యూదుల బహిష్కరణ జరిగిన కాలంలో మతం మారినవారు తాము క్రైస్తవులమేనని చాటుకోవడానికి కుండలో పందిమాంసం వేయడం మొదలైందనీ చాలామంది ఆహార చరిత్రకారులు చెబుతారు. పప్పులైనా కూరగాయలైనా మాంసంతో కలిసి ఉడకడం అక్కడ అంత పాత అలవాటు కాబట్టే, కుండలో ఏముందో వండినవారు నిజం చెప్పకపోతే తినేవారికి తెలుసుకునే మార్గం ఉండదు.

మా ఫిర్యాదులో అన్నిటికంటే తీవ్రమైన విషయం కూడా ఇదే. విజయవాడ నుంచి వచ్చిన మా పెద్దమ్మగారు పుట్టినప్పటి నుంచి శాకాహారి. బోర్డు మీద మసూర్‌ను పోలిన పప్పుతో చేసే లెంతేహాస్ కనబడడంతో, అందులో మాంసం గానీ, హామ్ గానీ, మాంసం ఉడికించిన నీళ్లు గానీ ఉన్నాయా అని స్పానిష్‌లోనే, ఒక్కొక్కటీ విడివిడిగా అడిగాను. వడ్డించే వ్యక్తి వంటగదిలోకి వెళ్లి వచ్చి, కేవలం కూరగాయలతో చేసినదేనని స్పష్టంగా చెప్పాడు. పెద్దమ్మగారు సగం తిన్న తరువాత గిన్నె అడుగున చోరీసో ముక్క బయటపడింది. పిలిచి చూపిస్తే అతను క్షమాపణ చెప్పలేదు సరికదా, రుచి కోసం వేసిన చిన్న ముక్కే కదా, పక్కన తీసిపెట్టి మిగిలినది తినవచ్చునని సలహా ఇచ్చాడు. పెద్దమ్మగారు ఏమీ అనకుండా లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చి, ఆ పూట ఇక మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోలేదు. పొరపాటు ఏ వంటగదిలోనైనా జరగవచ్చు. అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పి, బయటపడ్డాక దాన్ని తేలిక చేసి మాట్లాడడాన్ని మాత్రం నేను క్షమించలేకపోతున్నాను.

నేనూ నా స్నేహితుడూ తెప్పించుకున్న కొసీదో సంగతి వేరు. మట్టికుండలో బొగ్గుల మీద వండినదని గుమ్మం ముందున్న పలక మీద రాసి ఉంది. వచ్చింది మాత్రం చారు, శనగలు, మాంసం అన్నీ ఒకేసారి, వేరువేరు వేడితో. చారు గోరువెచ్చగా ఉంది. మాంసం అంచులు ఎండిపోయి పొగలు కక్కుతున్నాయి, మధ్యలో మాత్రం చల్లగా ఉంది. ఇంట్లో మైక్రోవేవ్ వాడే ఎవరికైనా అది ఎలా వేడెక్కిందో ఇట్టే తెలిసిపోతుంది. శనగలకు కుండలోని మాంసపు సారం ఏమాత్రం పట్టలేదు. సీసాలో నిల్వ ఉంచే ఉప్పునీటి వాసన మాత్రం ఉంది. స్పెయిన్‌లో ఉడికించిన శనగలు సీసాలలో ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ దొరుకుతాయి, ఇంటి వంటకు వాటిని వాడడంలో తప్పేమీ లేదు. వాటినే వేడి చేసి, బొగ్గుల కుండ పేరు చెప్పి మనిషికి 22 యూరోలు తీసుకోవడం మోసం.

ఇక బిల్లు. పలక మీద రాసిన 22 యూరోలకు పైన 10 శాతం పన్ను విడిగా కలిపారు. స్పెయిన్‌లో వినియోగదారుడికి చూపే ధరలో పన్ను కలిసే ఉండాలి. అడగకుండానే తెచ్చిపెట్టిన రొట్టెకు మనిషికి 2.50, ఆలివ్‌లకు 4 యూరోలు వేశారు. వీటి ధరలు మెనూలో ఎక్కడా లేవు. ముందుగా ధర తెలియజేయని రొట్టెకు డబ్బు అడిగే హక్కు వారికి లేదు. కుళాయి నీళ్లు అడిగితే తమ దగ్గర ఇవ్వరని చెప్పి సీసాలు తెచ్చి వాటికీ ధర కట్టారు. వ్యర్థాలకు సంబంధించి 2022లో వచ్చిన 7వ నంబరు చట్టం ప్రకారం, అడిగినవారికి సీసాలో కాని నీటిని ఉచితంగా ఇవ్వడం భోజనశాలల బాధ్యత. చోరీసో వచ్చిన ఆ పప్పు గిన్నెకు సైతం పూర్తి ధర వేశారన్నది చూసినప్పుడు ఇక ఊరుకోకూడదని నిర్ణయించుకున్నాం.

ఓహాస్ దే రెక్లమాసియోనెస్ అనే ఫిర్యాదు పత్రాలు అక్కడి ప్రతి వ్యాపార సంస్థలోనూ ఉండాలి, అడిగిన వెంటనే ఇవ్వాలి. యజమాని మొదట అవి అయిపోయాయన్నాడు, తరువాత సోమవారం రమ్మన్నాడు. అయితే మునిసిపల్ పోలీసులను పిలుస్తామని చెప్పగానే కౌంటర్ కిందనుంచి పుస్తకం బయటకు వచ్చింది. జరిగినదంతా అందులో రాసి, మా ప్రతిని పలక ఫొటోతో, బిల్లుతో జతచేసి ఓమిక్ అని పిలిచే నగర వినియోగదారుల కార్యాలయానికి అందించాం.

ఇలాంటి చోటును ముందే గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. కొసీదో ప్రధానంగా మధ్యాహ్న భోజనం, అందులోనూ చలికాలపు భోజనం. చాలా తవెర్నాలు దాన్ని వారంలో ఒకటి రెండు రోజులే వండుతాయి, కొన్నిచోట్ల ముందురోజు చెప్పాలి. జూలై ఎండల్లో కూడా పొద్దున్నుంచి రాత్రిదాకా ఎప్పుడు అడిగినా క్షణాల్లో తెచ్చే చోట అనుమానించండి. చుట్టుపక్కల వృద్ధులు కూర్చుని తింటున్నారా, పర్యాటకుల సూట్‌కేసులే కనిపిస్తున్నాయా అన్నది గుమ్మంలోంచే తెలుస్తుంది. మేము వెళ్లిన రోజున ఆ పేటవాసి ఒక్కరూ లోపల కనిపించలేదు.

శాకాహారులు మాత్రం కుండ వంటకాల తవెర్నాలో పప్పు, శనగ కూరలను నమ్ముకోకపోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. అస్తూరియాస్ ప్రాంతపు ఫబాదాలో తెల్ల చిక్కుడు గింజలతో పాటు చోరీసో, మోర్సీయా, పందికొవ్వు తప్పనిసరి. ఈస్టరుకు ముందు ఉపవాస దినాలలో వండే శనగ, పాలకూరల పొతాహెలో మాంసం లేకపోయినా ఉప్పుచేప ఉంటుంది. సెవియా పద్ధతిలో పాలకూరతో చేసే శనగలు, లామాంచా ప్రాంతపు కూరగాయల వంటకం పిస్తో సాధారణంగా మాంసం లేనివే గానీ, పిస్తో మీద తరచుగా కోడిగుడ్డు వేస్తారు. అడిగేటప్పుడు "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ కాల్దో దె కార్నె" (మాంసం, హామ్, మాంసం ఉడికించిన నీళ్లు లేకుండా) అని మూడింటినీ చెప్పండి, మాంసం వద్దన్నంత మాత్రాన హామ్ ముక్కలు వేయడం మానని వంటగదులు ఉన్నాయి. సమాధానంలో ఏ కొంచెం తడబాటు కనిపించినా, పెద్దవారి పళ్లెం విషయంలో సాహసం చేయకుండా వేరే చోటికి వెళ్లండి.

కూర్చునే ముందు పలకను ఫొటో తీసుకోండి, అడగని గిన్నె బల్ల మీదికి వస్తే వెంటనే వెనక్కి పంపండి, పద్దులు విడివిడిగా ఉన్న బిల్లు తీసుకుని కార్డుతో చెల్లించండి. ఫిర్యాదు పత్రం అడిగే హక్కు అక్కడ నివసించేవారితో పాటు పర్యాటకులకు కూడా ఉంది. మా ఫిర్యాదు తేలిన తరువాత ఫలితాన్ని ఇక్కడే తెలియజేస్తాను. ఈలోగా లా లాతినాలో ఇలాంటి అనుభవమే ఎదురైనవారు ఉంటే, బిల్లు దాచుకుని ఓమిక్‌లో తమ ఫిర్యాదును కూడా నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.