ప్లేఫెయిర్ డిస్‌ప్లే: పెద్ద సైజులోనే దీని అందం

పెళ్లి కార్డులు, పుస్తకాల అట్టలు, బ్రోషర్లు డిజైన్ చేసేటప్పుడు ఇంగ్లిష్ హెడ్డింగ్ కోసం ఏళ్లుగా నా చెయ్యి ముందు వెళ్లేది ప్లేఫెయిర్ డిస్‌ప్లే మీదికే. డెన్మార్క్‌కు చెందిన క్లాస్ ఎగ్గర్స్ సోరెన్‌సెన్ గీసిన ఈ ఫాంట్ 2011 నుంచి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతోంది. డబ్బు తీసుకుని చేసే పనులకూ నిశ్చింతగా వాడుకోవచ్చు.

దీని సొగసంతా గీతల లావు, సన్నం మధ్య తేడాలోనే ఉంది. నిలువు గీత నల్లగా, బలంగా దిగుతుంది. అడ్డగీతలూ, గీతల కొసల్లో ఉండే చిన్న అడ్డుముక్కలూ (సెరిఫ్‌లు) వెంట్రుకంత సన్నం. 18వ శతాబ్దం చివర ఐరోపాలో వెడల్పు మొన ఈకకలాలు వెనకబడి, సూదిమొన కలాలు వచ్చాయి. నొక్కితే లావు, వదిలితే సన్నం. ఆ కాలపు అక్షరాలూ, అంతకు కాస్త ముందు బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ పోతపోయించిన అక్షరాలూ దీనికి ప్రేరణ. ఆయన తన అచ్చుకోసం నునుపైన కాగితం, చిక్కటి నల్ల సిరా ప్రత్యేకంగా సిద్ధం చేయించుకున్నాడు. సన్నగీత నిలబడాలంటే ఇప్పటికీ కావలసినవి అవే.

అందుకే ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్‌లో 36 పాయింట్లు దాటాక ఇది వెలిగిపోతుంది. చిన్నక్షరాలు క్యాపిటల్స్‌తో పోలిస్తే బాగా ఎత్తు, కిందికి దిగే తోకలు పొట్టి. రెండు లైన్ల హెడ్డింగ్‌ను దగ్గర దగ్గరగా పేర్చినా ఇరుకనిపించదు. ఇటాలిక్ ఇంకా బాగుంటుంది. వధూవరుల పేర్ల మధ్య ఆ ఇటాలిక్ ఆంపర్‌శాండ్ (&) ఒక్కటి పెడితే వేరే అలంకారం అక్కర్లేదు.

అదే కార్డులో అడ్రస్‌ను 8 పాయింట్లలో పెడితే మాత్రం సన్నగీతలు తెగిపోతాయి. ముదురు మెరూన్ మీద తెల్లక్షరాలైతే మరీ కష్టం: నాలుగు రంగులు ఒక్క వెంట్రుకవాసి తప్పినా గీత పూడుకుపోతుంది. ఒక ప్రెస్‌లో నా కార్డుకు సరిగ్గా అదే జరిగింది. అలాంటిచోట సెమీబోల్డ్‌కు (మామూలు కంటే కాస్త లావు రకానికి) తగ్గకూడదు. తర్వాత వచ్చిన 'ప్లేఫెయిర్' వేరియబుల్ ఫాంట్‌లో సైజును బట్టి గీత మందం మారే ఏర్పాటుంది, చిన్న సైజులకు అదే తీసుకోండి.

అంకెల సంగతి తప్పక చూసుకోవాలి. మామూలుగా టైప్ చేస్తే పాతకాలపు పద్ధతిలో కొన్ని పైకి, కొన్ని కిందికి వస్తాయి. వాక్యం మధ్యలో ముచ్చటగానే ఉంటాయి గానీ, ధరల పట్టికలో గందరగోళం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఫాంట్ అదనపు సదుపాయాలుండే ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో లైనింగ్ ఫిగర్స్ ఆన్ చేస్తే అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

ఇందులో తెలుగు అక్షరాలు లేవు. పక్కన నోటో సెరిఫ్ తెలుగు పెడుతున్నాను, దానిలోనూ గీత లావు, సన్నం మారుతుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. ఒత్తులకు చోటు కావాలి, తెలుగు లైన్ల మధ్య ఖాళీ మాత్రం విడిగా పెంచుకోండి.