బీబీఓ బిడ్డింగ్ టేబుల్: మధ్యలో గోదావరి ఉన్నా జోడీ కుదరాలంటే

డెల్టాలో పేకాటకు కొదవ లేదు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఏ క్లబ్బుకెళ్ళినా రమ్మీ బల్లలు కిటకిటలాడుతుంటాయి. బ్రిడ్జికి, అంటే ఇద్దరిద్దరు జోడీలుగా ఆడే పేకాటకి, నలుగురు కూడడమే కష్టం. జోడీలో ఒకరిది భీమవరం, ఒకరిది రాజోలు అయితే చించినాడ వంతెన దాటి వారానికోసారి కలవడమే గొప్ప. ఆ పూట కాస్తా ఆటకే సరిపోతుంది. ఏ బిడ్‌కి (ఎన్ని పట్లు, ఏ తురుపుతో అని ఆటకు ముందు పాడే పాట) ఏ అర్థమో తీరిగ్గా తేల్చుకునే వేళ దొరకదు. జోడీలు ఓడేది ఎక్కువగా అక్కడే. అలాంటివాళ్ళకి బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ (బీబీఓ) వెబ్‌సైటులో ఉన్న బిడ్డింగ్ టేబుల్‌కి మించిన సాధనం ప్రస్తుతం లేదు. పైసా ఖర్చు లేదు, డబ్బు అడిగేది రోబోలను అద్దెకు పెట్టుకుంటేనే.

ప్రాక్టీస్ విభాగంలోకి వెళ్ళి బిడ్డింగ్ టేబుల్ తెరిచి, ఎదురెదురుగా ఇద్దరూ కూర్చుంటే చాలు. బిడ్డింగ్ పూర్తవగానే ఆ చేతి కథ అయిపోయినట్టే, ముక్కలు ఆడే పని లేదు. అందుకే క్లబ్బులో ఒక పూటంతా పట్టేన్ని చేతులు ఇక్కడ గంటలోపే తేలిపోతాయి. ఫోన్‌లో మాట్లాడుకుంటూ బిడ్ చేస్తే మాత్రం ఉపయోగం సున్నా. గొంతులో తడబాటు వినపడితే చాలు, భాగస్వామి చేయి సగం తెలిసిపోతుంది. చేయి ముగిశాకే ఫోన్ చేసుకోండి.

దీని అసలు బలం పంపకంలో ఉంది. అడ్వాన్స్‌డ్ డీల్ సోర్స్‌లో ప్రతి సీటుకీ (ఉత్తరం, దక్షిణం అని పిలుస్తారు) పాయింట్లకూ (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1) రంగుల పొడవుకూ హద్దులు పెట్టుకోవచ్చు. 1 నోట్రంప్ (తురుపు లేని బిడ్) తర్వాతి ట్రాన్స్‌ఫర్లు (కింది రంగు పలికి తన పొడవు రంగుని భాగస్వామి చేత చెప్పించడం) సాధన చేయాలంటే దక్షిణానికి 15–17 పాయింట్లు, ఒక్కో రంగులో 2 నుంచి 5 ముక్కలు. ఉత్తరానికి 8 పాయింట్లు పైన, ఇస్పేట్లు కనీసం 5. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఈ హద్దుల్లోంచి 5-4-2-2 చేతులు కూడా దూరి వస్తాయి. వాటితో నోట్రంప్ తెరుస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. రెండోది పెద్దది. ఉత్తరం దగ్గర అయిదు ఇస్పేట్లు ఉన్నాయని ఇద్దరికీ తెలిసిపోతే, బిడ్‌ని బట్టి కాక హద్దుని బట్టి ఆడేస్తారు. కాబట్టి టేబుల్ తెరిచినవాళ్ళే హద్దులు పెట్టి రెండోవారికి చెప్పకూడదు. కొన్ని చేతుల తర్వాత ఆ పని చేతులు మారాలి.

ఇలాంటి పంపకంలో ఎలాంటి నిర్ణయం ఎదురవుతుందో చూడండి. దక్షిణం: ఇస్పేటు రాజు, జాకీ, 4, ఆఠీను ఆసు, 8, 3, డైమన్ రాజు, రాణి, 10, 5, కళావరు రాజు, 7, 2. ఉత్తరం: ఇస్పేటు ఆసు, రాణి, 8, 6, 3, ఆఠీను 5 ఒక్కటే, డైమన్ ఆసు, జాకీ, 7, 4, కళావరు 9, 6, 3. దక్షిణం 1 నోట్రంప్, ఉత్తరం 2 ఆఠీన్ ట్రాన్స్‌ఫర్, దక్షిణం 2 ఇస్పేట్, ఉత్తరం 3 డైమన్. ఇప్పుడు దక్షిణం 3 ఇస్పేట్ అంటే దాదాపు ఖాయంగా గేమ్‌లో (ఇక్కడ 4 ఇస్పేట్, అంటే పది పట్లు) ఆగుతారు. ఇస్పేట్లు తురుపైతే ఇస్పేట్లలో అయిదు, డైమన్లలో నాలుగు, ఆఠీను ఆసు కలిపి పది పట్లు. కళావరు రాజు పనికొస్తే పదకొండు. డైమన్లు తురుపైతే లెక్క మారిపోతుంది. ఉత్తరం చేతిలో రెండు ఆఠీన్లు కోసుకోవచ్చు, కనక డైమన్లలోనే ఆరు పట్లు, ఇస్పేట్లలో అయిదు, ఆఠీను ఆసు ఒకటి. మొత్తం పన్నెండు. ఉన్నవి 27 పాయింట్లే అయినా స్లామ్, అంటే పదమూడిట్లో పన్నెండు పట్లు! ఒంటి ఆఠీను ఎదుట ఆసు ఉండి, రాజు రాణీ లేకపోవడమే దీనికి కారణం. పాయింట్లేవీ వృథా పోలేదు.

మీ జోడీ తేల్చుకోవాల్సిందల్లా 3 డైమన్ తర్వాత దక్షిణం 4 డైమన్ అంటే ఏమిటన్నదే. నాలుగు డైమన్లు, మంచి చేయి, స్లామ్ మీద ఆసక్తి అని రాసి పెట్టుకోండి. ఆపైన ఉత్తరం 4 నోట్రంప్‌తో కీకార్డులు (నాలుగు ఆసులు, తురుపు రాజు) అడిగితే దక్షిణం 5 ఇస్పేట్ చెబుతుంది: రెండు కీకార్డులు, తురుపు రాణి కూడా ఉంది. లేనిది ఒక్క ఆసే, 6 డైమన్. ఒకవేళ అడిగిన ఉత్తరం దగ్గర ఒక్క కీకార్డే ఉండి, ఇదే జవాబుతో రెండు కీకార్డులు లేవని తేలి ఉంటే 5 డైమన్ ఎప్పుడో దాటిపోయి ఉండేవారు. చిన్న రంగుల్లో (డైమన్, కళావరు) 4 నోట్రంప్‌తో వచ్చే తంటా ఇదే.

ఇంకో మెలిక ఉంది. డైమన్లు ముందు చెప్పింది ఉత్తరం కాబట్టి ఆడేదీ ఉత్తరమే, దక్షిణం ముక్కలు బల్ల మీద తెరిచి ఉంటాయి. తూర్పు కళావరు దించితే, ఆసు పడమర దగ్గర ఉంటే రాజు ఇరుక్కుపోతుంది, మొదట్లోనే రెండు పట్లు పోవచ్చు. అదే దక్షిణం ఆడితే కళావరు దింపుతో ఒక్క పట్టే పోతుంది. ఇలాంటివి టేబుల్ దగ్గర హడావిడిలో ఎవరికీ తట్టవు. చేతులు రెండూ తెరిచి పెట్టుకుని చూస్తేనే తడతాయి.

సెల్ఫ్ అలర్ట్ గడిని తప్పకుండా వాడండి. బిడ్ చేసేటప్పుడే దాని అర్థం టైప్ చేస్తే భాగస్వామికి కనిపించదు. తర్వాత చేయి తెరిచినప్పుడు ఇద్దరూ రాసినవి పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు బయటపడతాయి. తేడా వచ్చిన చోటల్లా మీ నోట్సులో ఒక లైను పెరగాలి. క్లబ్బు బల్ల మీద అలర్ట్ చేయాల్సింది (ఇది మామూలు బిడ్ కాదని ప్రత్యర్థులకు చెప్పాల్సింది) భాగస్వామి, ఆ తేడా మరిచిపోకండి.

లోపాలూ ఉన్నాయి. అవతలి సీట్లు ఖాళీగా ఉంటే ప్రత్యర్థులు పాస్ తప్ప ఇంకేమీ అనరు. నెగెటివ్ డబుల్ (అవతలివాళ్ళ బిడ్ మీద, ఎవరూ చెప్పని రంగులు చూపే డబుల్), నోట్రంప్ మీద అవతలివాళ్ళు అడ్డు బిడ్ వేసినప్పుడు ఏం చేయాలి, పోటీలో మూడో స్థాయికి వెళ్ళాలా వద్దా — వీటికి ఇది అక్కరకు రాదు. నిజానికి టోర్నమెంట్లలో చాలా పాయింట్లు పోయేది అక్కడే. మరో జోడీని పిలిచి కూర్చోబెట్టుకోవడమే దారి. రోబోలు వాటి సొంత పద్ధతిలో బిడ్ చేస్తాయి. వాటి తీర్పుని మీ ఒప్పందానికి కొలబద్ద చేసుకోవద్దు.

డబుల్ డమ్మీ ఫలితం కూడా అంతే. నాలుగు చేతులూ చూస్తూ లెక్కేసిన పట్లవి. గేమ్ తప్పిపోయిందని అది చూపించినంత మాత్రాన మీ బిడ్డింగ్ తప్పయినట్టు కాదు. ఐఎంపీ ఆటలో (ఒకే చేతికి రెండు బల్లల స్కోర్ల తేడాని పాయింట్లుగా మార్చే పద్ధతి) వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ ఎక్కువుండే) గేమ్‌కి దాదాపు 38 శాతం, నాన్-వల్నరబుల్‌కి 45 శాతం, చిన్న స్లామ్‌కి 50 శాతం అవకాశం ఉంటే బిడ్ చేయాల్సిందే. బయటున్న అయిదు ముక్కలు 3-2గా చీలే అవకాశం 68 శాతం, ఒక ఫినెస్ (అవతలి పెద్ద ముక్క ఫలానా వైపు ఉందని నమ్మి, దానికంటే చిన్నదానితో పట్టు కోసం ప్రయత్నించడం) 50. ఈ రెండూ కలిసి రావాలంటే 34. చేయి తెరిచాక ముందు ఈ లెక్క వేసుకుని, తర్వాతే యంత్రం ఏమందో చూడండి.

ఫోన్ తెర మీద వివరణలు టైప్ చేయడం విసుగు పుట్టిస్తుంది. ల్యాప్‌టాప్ ఉంటే అదే వాడండి. బ్రిడ్జి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు, వాళ్ళకి ముందు ముక్కలు ఆడే టేబులే కావాలి. ఒకే పద్ధతి ఒప్పుకున్న జోడీ మాత్రం వచ్చే టోర్నమెంటుకి ముందు 1 నోట్రంప్ తర్వాతి బిడ్లతోనే మొదలుపెట్టి, అవి కుదిరాకే 2 ఓవర్ 1 (ఒకటో స్థాయి బిడ్‌కి రెండో స్థాయిలో కొత్త రంగు చెప్పే పద్ధతి) జోలికి వెళ్ళడం మంచిది.