షెట్లాండ్ యాసా, ఆర్క్నీ యాసా? వైకింగుల మాట వినాలంటే ఏది మేలు?

స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో రెండు దీవుల గుంపులున్నాయి. దగ్గరిది ఆర్క్నీ, దూరంగా ఉన్నది షెట్లాండ్. ఒక్కో చోట జనం 22 వేల నుంచి 23 వేల దాకా ఉంటారు, అంతే. రెండు చోట్లా వినిపించేది ఇంగ్లీషుకి దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాషే. కానీ దాని అడుగున, నార్వే నుంచి వచ్చిన వైకింగుల నార్స్ భాష తడి ఇంకా ఆరలేదు. ఆ తడిని చూడాలనుకునేవాళ్ళు ఏ యాసతో మొదలుపెట్టాలన్నదే ప్రశ్న. నా ఓటు షెట్లాండ్‌కి. అయితే దాని గురించి చెప్పేవన్నీ నిజం కావు.

ముందు ఒక కట్నం కథ. డెన్మార్క్, నార్వేలని ఏలిన మొదటి క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్‌ని స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కి ఇచ్చాడు. ఒప్పుకున్న కట్నం 60,000 ఫ్లోరిన్లు. చేతిలో డబ్బు లేదు. 1468లో ఆర్క్నీని 50,000 కింద తాకట్టు పెట్టాడు. మిగిలిన పదివేలలో రెండు వేలే కట్టగలిగాడు, దాంతో 1469లో 8,000 కోసం షెట్లాండ్ కూడా తాకట్టులోకి వెళ్ళింది. విడిపించుకోవడం ఎన్నటికీ కాలేదు. అప్పటికి ఆ దీవుల్లో నార్స్ మాట్లాడబట్టి ఆరు వందల ఏళ్ళు దాటింది. అక్కడి నార్స్‌నే నార్న్ అంటారు.

రెండు యాసల్లో తేడాకి అసలు కారణం మాత్రం తాకట్టుకి ముందే ఉంది. 1195లోనే షెట్లాండ్‌ని ఆర్క్నీ జమీ నుంచి విడదీసి నార్వే రాజు నేరుగా తన కింద పెట్టుకున్నాడు. ఆర్క్నీకేమో 1379 నుంచి సింక్లేర్లనే స్కాటిష్ వంశం దొరలయ్యారు. పైగా పెంట్లాండ్ జలసంధి దాటితే చాలు, అవతల స్కాట్లాండే. అందుకే ఆర్క్నీలో స్కాట్స్ ముందే పాతుకుంది. షెట్లాండ్‌లో నార్న్ ఇంకొన్నాళ్ళు బతికింది. దాన్ని ఆఖరుగా మాట్లాడినవాడని చెప్పే అన్‌స్ట్ దీవి వాల్టర్ సదర్లాండ్ పోయింది 1850 ప్రాంతంలో.

ఆర్క్నీ మనిషి పడవ ఉన్న రైతు, షెట్లాండ్ మనిషి చిన్న పొలం ఉన్న జాలరి అని ఒక మాట ఉంది. పదాల విషయంలో ఈ తేడా బాగా పనికొస్తుంది. షెట్లాండ్ నార్స్ చాలావరకు సముద్రం దగ్గరే దాక్కుంది. లోసముద్రం హాఫ్, ఆరు తెడ్ల పడవ సిక్సరీన్, లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ వో. ఎర్రటి పొడుగు ముక్కుతో ఒడ్డున తిరిగే నలుపు తెలుపు పిట్ట షాల్డర్, నార్స్ నుంచి పుట్టిన భాష మాట్లాడే ఫారో దీవుల్లో అదే చాల్దుర్. ఇక లోసముద్రంలోకి వేటకెళ్ళిన జాలరులు కొన్ని మాటలు పైకి అనేవాళ్ళు కాదు. పాస్టర్‌ని పాస్టర్ అంటే కీడు, 'నిలబడేవాడు' అనాలి. దీపం ఆరిందనకుండా కొండెక్కింది అనే మనకి ఇది వింతేమీ కాదు. ఇలాంటి నిషిద్ధ మాటల్లో చాలా నార్న్ పదాలు బతికిపోయాయి. ఫారో దీవుల పండితుడు యాకోబ్ యాకోబ్సెన్ 1893లో వచ్చి రెండేళ్ళు ఊరూరా తిరిగి దాదాపు పదివేల నార్న్ పదాలు పోగుచేశాడు. చాలావాటికి అప్పటికే వాడుక తగ్గింది.

పదాలకన్నా నన్ను పట్టింది వ్యాకరణం. షెట్లాండ్‌లో స్నేహితుడిని, పిల్లల్ని దూ అంటారు, పెద్దల్ని, కొత్తవాళ్ళని యూ అంటారు. నువ్వు, మీరు తేడా తెలిసిన తెలుగువాడికి దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. ఆర్క్నీలో దీనికి జోడీ థూ ఉంది కానీ ఎక్కువగా పాతతరం నోటే. షెట్లాండ్‌లో వస్తువులకీ ఆడా మగా ఉంటుంది, వాతావరణమైతే 'వాడు'. 'రాశాను' అనాల్సిన చోట 'ఐ హావ్' బదులు 'ఐయామ్ రిటన్' అంటారు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఇవన్నీ నార్స్ అని గుడ్డిగా నమ్మకూడదు. 'ఐయామ్ రిటన్' ఎక్కడిదని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. దూ లాంటిది పాత స్కాట్స్‌లోనూ ఉంది. షెట్లాండ్‌కి జెండాలాంటి మాట పీరీ, అంటే చిన్నది, అదే ఆర్క్నీలో పీడీ. ఆ మాటకే నార్స్ పుట్టుక రుజువు కాలేదు!

మరి ఆర్క్నీ ఎందుకు? చెవికోసం. ఆ మాట ఎక్కుతూ దిగుతూ పాటలా సాగుతుంది, కొత్తవాళ్ళు వేల్స్ వాళ్ళనుకుంటారు. ఆ రాగం నార్వేదని మాత్రం తేల్చి చెప్పడం కష్టం. స్కాట్స్ తెలిసినవాళ్ళకి ఆర్క్నీ తొందరగా పట్టుబడుతుంది. ఊళ్ళ పేర్లు చాలంటే రెండూ సమానమే: ఆర్క్నీ ముఖ్యపట్టణం కర్క్‌వాల్ అంటే చర్చి ఉన్న అఖాతం, షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్ అంటే బురద అఖాతం.

మూడో దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. యాసలెందుకు, నార్న్‌నే తిరిగి లేపుదామని. మిగిలిందేమిటి? 1774లో జార్జ్ లో అనే పాస్టర్, భాష తెలియకుండానే, షెట్లాండ్‌లోని ఫౌలా దీవిలో ఒక ముసలాయన పాడుతుంటే రాసుకున్న హిల్దినా అనే గాథాగీతం 35 చరణాలు, ఒక క్రైస్తవ ప్రార్థన, కొన్ని సామెతలు, యాకోబ్సెన్ పదాలు. ఖాళీలన్నీ ఐస్లాండ్, ఫారో భాషలతో పూడ్చాలి. ఆ కష్టమేదో పడేటట్టయితే నేరుగా ఫారో భాషే నేర్చుకోవచ్చు, దాన్ని ఇప్పటికీ ఇళ్ళల్లో మాట్లాడుతున్నారు.

షెట్లాండ్‌కి వెళ్ళినా చిక్కు ఒకటుంది. బయటివాళ్ళు కనిపిస్తే అక్కడివాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. దాన్ని నాపింగ్ అంటారు. 1970లలో చమురు పనులు వచ్చాక అలా మారాల్సిన సందర్భాలూ పెరిగాయి. కాబట్టి లెర్విక్‌లో మిమ్మల్ని పలకరించిన మాటని లెక్కలోకి తీసుకోకండి. కొట్టులో పక్కన నిలబడి ఇద్దరు ఊరివాళ్ళు మాట్లాడుకునేది వినండి.